నెల్లూరుకు కొత్తగా వచ్చాం: బీకాం ఒకరు, ఐటీఐ ఫిట్టర్ ఒకరు. ఉద్యోగాల కోసం ఎక్కడ మొదలుపెట్టాలి?

కనిగిరి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. కనిగిరి నుంచి నెల్లూరు వచ్చేశాం, వేదాయపాళెంలో ఇల్లు తీసుకున్నాం. నేను బీకాం కంప్యూటర్స్. ట్యాలీ వచ్చు, ఒక ఎరువుల షాపులో రెండేళ్లు లెక్కలు చూశాను. తమ్ముడు ఐటీఐ ఫిట్టర్ పాసై ఖాళీగా ఉన్నాడు. ఈ ఊళ్లో మాకు చెప్పి పెట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఒంగోలులో తీసుకున్న ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ కార్డు ఇక్కడ పనికొస్తుందా, మళ్లీ కొత్తది తీసుకోవాలా? జాబ్ మేళా పాంప్లెట్లలో 18 వేలు జీతం అంటున్నారు, చేతికి నిజంగా ఎంత వస్తుంది? తమ్ముడు నేరుగా పనిలో చేరితే మంచిదా, అప్రెంటిస్‌గా చేరితే మంచిదా? ఒక కన్సల్టెన్సీవాళ్లు రిజిస్ట్రేషన్‌కు 3,500 కట్టమంటున్నారు, కట్టొచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పెన్నా_ఒడ్డు:

ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు. ఒక్క రూపాయి కూడా కట్టొద్దమ్మా. దాని సంగతి ఇంకెవరైనా వివరంగా రాస్తారు, నేను ఎక్స్ఛేంజ్ గురించి చెప్తాను.

ఒంగోలు కార్డు ఉండగా నెల్లూరులో కొత్తగా ఇంకోటి తీసుకోవద్దు. ఒకే మనిషికి రెండు చోట్ల రిజిస్ట్రేషన్ ఉండకూడదు. పాత కార్డును నెల్లూరు జిల్లా ఉపాధి కార్యాలయానికి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి, పాత తేదీ నుంచి ఉన్న సీనియారిటీ పోదు. కొత్తది తీసుకుంటే మాత్రం ఆ రోజు నుంచే లెక్క. ట్రాన్స్‌ఫర్ అడిగే ముందు రెన్యువల్ తేదీ చూసుకోండి. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే కార్డు లైవ్ రిజిస్టర్ నుంచి పోతుంది. చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది, కార్డు బీరువాలో భద్రంగా ఉంటుంది, రిజిస్టర్లో పేరు ఉండదు. డిగ్రీ పాసయ్యాక ఆ అర్హత కార్డులో ఎక్కించారా లేదా అన్నది కూడా చూడండి. ఇంటర్‌తోనే ఆగిపోయి ఉంటే డిగ్రీ అడిగే ఖాళీలకు మీ పేరు వెళ్లదు. ఫోన్ నంబరు మారి ఉంటే అదీ మార్పించండి.

ఇక ఆ కార్డు వల్ల ఏం వస్తుందో చెప్తాను. చట్టం ప్రకారం సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజ్‌కు తెలియజేయాలి కానీ, అక్కడ పంపిన పేర్లనే తీసుకోవాలని అందులో లేదు. కాబట్టి ఇంటికి కాల్ లెటర్ వస్తుందని కాచుకుని కూర్చోవద్దు. జిల్లాలో పెట్టే జాబ్ మేళాల సమాచారం ముందుగా తెలుస్తుంది, అది చాలు.

ఎక్స్ఛేంజ్‌తో పాటు కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ (ఎన్‌సీఎస్) పోర్టల్‌లో ఇద్దరూ రిజిస్టర్ చేసుకోండి. 2015 నుంచి నడుస్తోంది, పూర్తిగా ఉచితం. ప్రొఫైల్ సగం నింపి వదిలేస్తే ఏమీ కనిపించదు. పని చేయాలనుకునే ఊర్ల దగ్గర నెల్లూరు ఒక్కటే పెట్టకుండా తిరుపతి జిల్లా, ప్రకాశం, చెన్నై కూడా పెట్టండి. పని రకం దగ్గర 'అకౌంట్స్', 'బిల్లింగ్', 'జీఎస్టీ' అని విడిగా రాయండి. 'డేటా ఎంట్రీ' అని పెట్టారంటే దొంగ ప్రకటనలన్నీ మీ ముందుకే వస్తాయి. టీసీఎస్ అయాన్‌వాళ్ల కెరీర్ స్కిల్స్ కోర్సు ఒకటి అందులోనే ఉచితంగా ఉంది. రెజ్యూమె రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం కొత్తయితే తమ్ముడితో చేయించండి.

ఏపీఎస్‌ఎస్‌డీసీ, అంటే రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, జాబ్ మేళాలు పెడుతుంది, శిక్షణలూ ఇస్తుంది. పల్లెల్లోని పేద కుటుంబాల పిల్లలకైతే సీడాప్ అనే రాష్ట్ర సంస్థ ద్వారా డీడీయూ-జీకేవై అనే కేంద్ర పథకం కింద వసతితో సహా ఉచిత శిక్షణ ఉంది. మేళాకు వెళ్లేటప్పుడు రెజ్యూమె, పదో తరగతి మెమో, ఆఖరి చదువు సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు ఐదు సెట్లు పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. ఎవరు అడిగినా వాళ్ల దగ్గర వదలొద్దు.

ప్లాంటు_హెచ్‌ఆర్:

జీతం సంగతి నేను చెప్తాను, పాంప్లెట్ చూసి మోసపోయామని అనుకునేది ఎక్కువగా ఇందులోనే.

పాంప్లెట్ మీద 18 వేలు అంటే చాలావరకు సీటీసీ. మీ కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు అది, మీ చేతికి వచ్చేది కాదు. ఉదాహరణకు గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం, 16,000, అందులో బేసిక్ (పీఎఫ్ లెక్కకట్టే మూల వేతనం) 12,000 అనుకోండి. కంపెనీ తన వాటాగా పీఎఫ్ 12 శాతం చొప్పున 1,440, ఈఎస్‌ఐ 3.25 శాతం చొప్పున 520 కడుతుంది. అన్నీ కలిపితే 17,960. దాన్నే 18 వేలని వేస్తారు. ఇక మీ గ్రాస్‌లో మీ పీఎఫ్ వాటా 1,440, ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే 120, వృత్తి పన్ను 150 పోతే మిగిలేది 14,290. మన రాష్ట్రంలో 15 వేల దాకా వృత్తి పన్ను లేదు, ఆపైన 20 వేల వరకు నెలకు 150. తర్వాత క్యాంటీన్, బస్సు, హాస్టల్ కోతలు ఉంటే అవీ పోతాయి. ఇందులో మోసమేం లేదు, పీఎఫ్ మీ డబ్బే. కానీ గది అద్దె కట్టాల్సింది ఆ 14,290 లోంచే కదా, దాన్ని బట్టి లెక్క వేసుకోవాలి.

మేళాలో టేబుల్ దగ్గర కూర్చోగానే అడగాల్సిన మొదటి మాట: పేస్లిప్ ఎవరి పేరు మీద వస్తుంది? బోర్డు మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, ఉద్యోగం మాత్రం లేబర్ కాంట్రాక్టరు కింద ఉంటుంది. కాంట్రాక్టులో చేరడం తప్పేం కాదు, కాకపోతే తెలిసి చేరాలి. కాంట్రాక్టరు మారినప్పుడు పీఎఫ్ సర్వీసు తెగిపోకుండా చూసుకోవాల్సింది మీరే. ఆ తర్వాత పని చేసే ఊరు కాగితం మీద రాసిచ్చేలా అడగండి. నెల్లూరు మేళాలో సెలెక్ట్ చేసుకుని జాయినింగ్ మాత్రం శ్రీపెరంబుదూరులోనో హోసూరులోనో ఇవ్వడం మామూలే.

శ్రీసిటీ గురించి రెండు మాటలు. అది తడ దగ్గర, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఇసుజు, డైకిన్, బ్లూస్టార్, కోల్గేట్ లాంటి ప్లాంట్లన్నీ అక్కడే. నెల్లూరు నుంచి రోజూ పోయి రావడం అయ్యే పని కాదు, షిఫ్టులకు అసలే కుదరదు. తమ్ముడు సూళ్లూరుపేటలోనో తడలోనో గదిలో ఉండగలిగితేనే అటు చూడండి. కంపెనీ బస్సు ఏ స్టాపు నుంచి ఉందో చేరకముందే అడగండి.

అప్రెంటిసా, ఉద్యోగమా అన్న ప్రశ్నకు నా సలహా: ఐటీఐ అయిన కొత్తలో, ఇంట్లో గడిచే వీలుంటే, అప్రెంటిస్‌గానే చేరాలి. ఫిట్టర్‌కు ఏడాది శిక్షణ. ఆఖర్న పరీక్ష పాసైతే ఎన్‌ఏసీ, అంటే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, ఇస్తారు. రైల్వే లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం రైల్వేలోనే అలా అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు కేటాయిస్తారు. అనుభవం అడిగే ప్రైవేటు ప్లాంట్లలోనూ దానికి విలువుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. 'ట్రైనీగా తీసుకుంటున్నాం' అన్నంత మాత్రాన అది అప్రెంటిస్ కాదు. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో మీ పేరు మీద కాంట్రాక్టు తయారై, దాన్ని మీ లాగిన్‌లో మీరు ఒప్పుకోవాలి, దానికో నంబరు రావాలి. ఆ నంబరు లేకుండా ఏడాది పని చేసినా చివర్లో పరీక్ష ఉండదు, ఎన్‌ఏసీ రాదు. చేరిన నెలలోనే ఆ కాంట్రాక్టు ప్రింటు తీసి పెట్టుకోండి. స్టైపెండ్ రెండు భాగాలుగా పడుతుంది. కేంద్ర అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం (ఎన్‌ఏపీఎస్) కింద 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500, ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేస్తుంది, మిగతాది కంపెనీ ఇస్తుంది. ఆ ప్రభుత్వ వాటా ఆధార్ సీడింగ్ అయిన, అంటే ఆధార్ నంబరు జత చేసిన, ఖాతాలోకే వెళ్తుంది. సీడింగ్ పాత ఖాతాకు ఉండి, కంపెనీకి కొత్త ఖాతా ఇస్తే డబ్బు ఒక చోట పడుతుంది, మీరు ఇంకో చోట వెతుక్కుంటారు. అప్రెంటిస్‌లకు పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలు ఉండవు, కోస్తే అడగండి.

30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. కాబట్టి పోర్టల్‌లో పెద్ద పేర్లనే కాదు, జిల్లా పెట్టి వెతికి చిన్న ప్లాంట్లు కూడా చూడండి. ఆర్టీసీ కూడా ఐటీఐ వాళ్లను ఇలాగే తీసుకుంటుంది, వాళ్ల జోనల్ స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీ మన కాకుటూరులోనే ఉంది. పోర్టల్‌లో అప్లై చేసి ఊరుకుంటే చాలదు, నోటిఫికేషన్లో చెప్పిన తేదీకి సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు వెళ్లాలి.

కనిగిరి_అమ్మాయి:

చాలా థాంక్స్ సార్, సీటీసీ లెక్క ఇప్పుడు అర్థమైంది. ఒక చిక్కు ఉంది. తమ్ముడికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. ఐటీఐ సర్టిఫికెట్లో ఇంటిపేరు చివర్లో వచ్చింది. ఇది ఇబ్బంది అవుతుందా?

ప్లాంటు_హెచ్‌ఆర్:

అవుతుందమ్మా, మన దగ్గర జాయినింగులు ఆగేది ఎక్కువగా దీని దగ్గరే. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దాని ప్రకారం మార్పించండి. ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు. ఈ వరసలోనే వెళ్లండి, ఎందుకంటే పాన్, బ్యాంకు రెండూ ఆధార్‌తోనే సరిచూస్తారు. ఆధార్‌లో పేరు మార్పుకు రెండు అవకాశాలే, పుట్టిన తేదీకి ఒక్కటే. అందుకే కేంద్రంలో స్క్రీన్ మీద తెలుగు, ఇంగ్లీషు స్పెల్లింగులు రెండూ అక్షరం అక్షరం చదివాకే సరే అనండి. ఐటీఐ సర్టిఫికెట్ దిద్దుబాటు చదివిన ఐటీఐ ప్రిన్సిపాల్ ద్వారా వెళ్లాలి, టైం పడుతుంది, దాన్ని ఇవాళే మొదలుపెట్టండి.

పీఎఫ్ యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కూడా ఆధార్ పేరుతోనే పుడుతుంది. ఇప్పుడు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి మనమే తీసుకోవచ్చు. ఆధార్ సరి చేయకముందే తీసుకుంటే తర్వాత దాన్నీ మార్చాల్సి వస్తుంది. మీకు ఎరువుల షాపులో పీఎఫ్ కట్టి ఉంటే పాత యూఏఎన్నే కొత్త చోట ఇవ్వండి, రెండోది పుట్టనివ్వొద్దు.

సంతపేట_లెడ్జర్:

ఫిట్టర్ సంగతి అయింది కదా, ఇక బీకాం.

అక్కా, మీ రెండేళ్ల ఎరువుల షాపు అనుభవాన్ని తక్కువ చేసి చెప్పుకోవద్దు. రెజ్యూమెలో 'ట్యాలీ తెలుసు' అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఆగి చూడరు. రోజుకు ఎన్ని బిల్లులు వేశారు, స్టాకు సరిచూశారా, బ్యాంకు రీకన్సిలియేషన్ చేశారా, జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) కు డేటా తీసిచ్చారా, సరుకు రవాణాకు ఈ-వే బిల్లులు తీశారా, అవి రాయండి. నెల్లూరులో మీ లాంటివాళ్లకు పని దొరికే చోట్లు నాలుగు రకాలు: ఆడిటర్ ఆఫీసులు, రైస్ మిల్లులు, రొయ్యల మేతా మందులూ అమ్మే డీలర్లు, పొగతోట చుట్టుపక్కల ఆసుపత్రుల బిల్లింగ్ కౌంటర్లు. నేర్చుకోవడానికి ఆడిటర్ ఆఫీసును మించింది లేదు. జీతం మొదట్లో తక్కువే, అయినా ఏడాదిలో పది రకాల వ్యాపారాల లెక్కలు మీ చేతి మీదుగా పోతాయి.

ఆడిటర్ల దగ్గరకు వెళ్లే రోజు చూసుకుని వెళ్లండి. జీఎస్‌టీఆర్-1 కు 11వ తేదీ, 3బీకి (ఆ నెల పన్ను కట్టే రిటర్ను) 20వ తేదీ గడువు. ఆ మధ్యలో వెళ్తే రెజ్యూమె తీసి పక్కన పెడతారు, తర్వాత అది కనిపించదు. 21 తర్వాత, మధ్యాహ్నం నాలుగు దాటాక వెళ్తే నిదానంగా మాట్లాడతారు. ఫోన్ చేసి అడగడం కన్నా నేరుగా వెళ్లి కనపడటమే ఇక్కడ పని చేస్తుంది.

ఇంటర్వ్యూ అంటే ప్రశ్నలు తక్కువ, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం ఎక్కువ. ఇరవై బిల్లులు ఇచ్చి ఎంటర్ చేయమంటారు. అందులో ఒకటో రెండో పక్క రాష్ట్రం బిల్లులు కలుపుతారు, రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ వేస్తారా లేక అలవాటుగా రాష్ట్రం లోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసేస్తారా అని చూడటానికి. తడ దాటితే తమిళనాడే కాబట్టి ఇక్కడ ఆ బిల్లులు రోజూ ఉంటాయి. జీఎస్‌టీఆర్-2బీని (మనకు అమ్మినవాళ్లు పోర్టల్‌లో చూపిన బిల్లుల జాబితా) కొనుగోళ్ల రిజిస్టరుతో సరిచూడటం ఎక్సెల్‌లో వీలుకప్, పైవట్‌తో చేయగలిగితే సగం గెలిచినట్టే. ఇవి యూట్యూబ్ చూసి ఇంట్లోనే వారంలో పట్టుబడతాయి.

రైస్ మిల్లుకు వెళ్తే 26 కేజీల బస్తా ఎందుకని అడగొచ్చు. 2022 జులై 18 నుంచి 25 కేజీలు, అంతకు లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది. అది దాటితే లేదు. అందుకే బస్తా 26 అయింది. ఈ ఒక్క సంగతి తెలిసినట్టు మాట్లాడితే మీకు మిల్లు లెక్కలు తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

పదిహేను, ఇరవై వేలు పోసి కొత్త ట్యాలీ కోర్సులో చేరొద్దు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్న బోర్డు చూసి అసలే చేరొద్దు. మీకు కావాల్సింది ఇంకో సర్టిఫికెట్ కాదు, జీఎస్టీ పోర్టల్ మీద చేయి తిరగడం. అది పనిలోనే వస్తుంది.

కృష్ణపట్నం_రోడ్డు:

శ్రీసిటీ దూరమనుకుంటే తమ్ముడికి దగ్గర్లోనూ దారులున్నాయి. ముత్తుకూరు వైపు పంటపాళెం నూనె రిఫైనరీలు, పోర్టు, నేలటూరు థర్మల్ ప్లాంటు ఉన్నాయి. థర్మల్‌లో ఏటా యూనిట్ ఆపి ఓవర్‌హాలింగ్ చేస్తారు, అప్పుడు మెయింటెనెన్స్ కాంట్రాక్టర్లకు ఫిట్టర్లు ఎక్కువ మంది కావాలి. అది కొన్ని వారాల పనే, కానీ పంపులు, వాల్వులు, బేరింగులు విప్పి బిగించే చాన్సు అలాంటి చోటే దొరుకుతుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో అమ్మోనియా కంప్రెషర్ల దగ్గర ఫిట్టర్‌కు ఏడాది పొడుగునా పని ఉంటుంది. అమ్మోనియా లీకైతే కళ్లు, ఊపిరితిత్తులకు ప్రమాదం. మాస్కు, ట్రైనింగ్ ఇస్తారా అని అడిగి మరీ చేరాలి. ఒంగోలు వైపు తిరిగి వెళ్లగలిగితే చీమకుర్తి గ్రానైట్ కోత యూనిట్లు ఉన్నాయి.

ట్రేడ్ టెస్టులో వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్ చేతికిచ్చి కొలత చెప్పమంటారు. జీరో ఎర్రర్ చూడకుండా చెప్పేవాళ్లే ఎక్కువ, ముందు దవడలు మూసి సున్నా కలుస్తుందో లేదో చూడమనండి. ఫైలింగ్ చేసి 90 డిగ్రీల మూల ట్రై స్క్వేర్‌తో చూపించమంటారు. డ్రాయింగ్‌లో టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో, చదవడం రావాలి. ఈ మూడూ ఇంట్లో మరోసారి చూసుకుని వెళ్తే చాలు.

పెన్నా_ఒడ్డు:

కన్సల్టెన్సీ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా.

మనుషులు కావాల్సింది కంపెనీకి. అసలైన కన్సల్టెన్సీ తన ఫీజు అక్కడే తీసుకుంటుంది. రిజిస్ట్రేషన్, యూనిఫాం, మెడికల్, ల్యాప్‌టాప్ డిపాజిట్, ఏ పేరు చెప్పి అడిగినా వదిలేయండి. ఆఫర్ లెటర్ వస్తే అందులోని నంబరుకు కాకుండా కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు చేసి అడగండి. జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా 'ఫలానా కంపెనీ దరఖాస్తుకు మాత్రమే' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. అలా రాసిన కాగితంతో మీ పేరు మీద సిమ్ముకో లోనుకో పెట్టడం కష్టం.

ఇంట్లో కూర్చుని పేజీకి ఇంత అనే టైపింగ్ పనులు ఇంకో రకం. తప్పులున్నాయని డబ్బులివ్వరు, పైగా అగ్రిమెంటు తప్పారని లాయర్ నోటీసు అంటూ బెదిరించి వేలు గుంజుతారు. ఆ నోటీసులకు భయపడి కట్టొద్దు. 'మీ ఖాతాలో డబ్బు పడుతుంది, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి' అనేది ఉద్యోగం కానే కాదు. అది ఎవరో పోగొట్టుకున్న డబ్బు, మీ ఖాతా ఫ్రీజ్ అయి కేసులో మీ పేరు ఉంటుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మేరకు ఆపగలుగుతారు.

మన వైపు కువైట్ ఏజెంట్లు ఫిట్టర్లను తొందరగా పట్టుకుంటారు కాబట్టి ఇదీ రాస్తున్నా. ఏజెంటు పేరు, లైసెన్సు కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉండాలి. వాళ్లు తీసుకోదగిన సర్వీసు చార్జి గరిష్ఠంగా 30,000, దాని మీద జీఎస్టీ. విజిట్ వీసా మీద పంపి అక్కడికెళ్లాక మారుస్తామంటే వద్దనండి.

కనిగిరి_అమ్మాయి:

ఆ 3,500 కట్టట్లేదు. ఒంగోలు కార్డు రెన్యువల్‌కు ఇంకా టైం ఉంది, ట్రాన్స్‌ఫర్ పెడతాను. ఒక చిన్న సందేహం. ఎరువుల షాపు ఓనరు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వలేదు. ఆడిటర్ ఆఫీసులో అడిగితే ఏం చూపించాలి?

సంతపేట_లెడ్జర్:

జీతం బ్యాంకులో పడి ఉంటే ఆ రెండేళ్ల స్టేట్‌మెంట్ తీసుకోండి, అదే గట్టి రుజువు. నగదుగా ఇచ్చి ఉంటే ఓనరుకు ఇప్పుడైనా ఫోన్ చేయండి అక్కా. షాపు లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు మీరే టైపు చేసి పంపితే ముద్ర వేసి సంతకం పెట్టడానికి సాధారణంగా ఒప్పుకుంటారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పని, షాపు జీఎస్టీ నంబరు, ఫోన్ నంబరు, ఇవి ఉంటే సరిపోతుంది. జీతం అంకె అందులో వేయించొద్దు, కొత్త చోట దాన్ని పట్టుకునే బేరమాడతారు. ఆ షాపు బిల్లుల కాపీలు, ట్యాలీ డేటా మాత్రం రుజువు కోసమని వెంట తీసుకెళ్లొద్దు. పాత ఓనరు లెక్కలు బయటపెట్టే మనిషిని ఏ ఆడిటరూ పెట్టుకోడు.